పెట్టని చుక్కలు

నా చిన్నప్పుడు మేము చిక్కడపల్లిలో, మూడు కుటుంబాలకు ఒకే వాకిలి ఉన్న ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. నేను ఏడో నెలలోనే పుట్టాను. బతకడమే గొప్ప అనుకున్నారట. కళ్ళు మాత్రం పూర్తిగా ఎదగలేదు. ఇప్పుడైతే నెలలు నిండని పిల్లలకు పుట్టిన కొద్ది వారాల్లోనే కళ్ళు పరీక్షిస్తున్నారు. నా విషయంలో ఆ ఆలోచన ఎవరికీ రాలేదు.

చూపు మందమని ఇంట్లో తెలుసు. ఎంత మందమో నేనే తెలియనివ్వలేదు. బోర్డు కనిపించకపోతే బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెడదామని నాన్న అమ్మతో అనడం విన్నాను. అందుకే పక్కపిల్లలు బోర్డు చూసి చదువుతుంటే విని బట్టీపట్టేదాన్ని. ఆటలకు నన్నెవరూ పిలిచేవారు కాదు. అరుగు మీద కూర్చుని, గొంతులను బట్టి ఎవరు ఎటు పరిగెడుతున్నారో పోల్చుకోవడమే నా ఆట.

పక్క గదిలో పాలమూరు నుంచి వచ్చిన అక్క ఉండేది. ఇళ్ళు కట్టే పనికి వెళ్ళేముందు వాకిలి ఊడ్చి ముగ్గు వేసేది. ఒక ఉదయం నన్ను పిలిచి, "చుక్కలు సక్కగున్నయా, జర చూసి చెప్పు" అంది.

వంగి చూసి, "చాలా బాగున్నాయక్కా" అన్నాను.

"ఇంకా పెట్టనే లేదు గద బిడ్డా."

ఆమె నవ్వలేదు. నాకే ఏడుపొచ్చి బడి సంగతంతా చెప్పేశాను. అక్క లోపలినుంచి గుప్పెడు చింతగింజలు తెచ్చి, చుక్కలుండాల్సిన చోటల్లా ఒక్కొక్కటి పెట్టింది. నా వేలు పట్టుకుని గింజ నుంచి గింజకు నడిపించింది.

"కనిపిస్తలేదని చెప్తే ఇట్ల ఇంకో తొవ్వ దొరుకుతది. చెప్పకపోతే నాకెట్ల తెలుస్తది?"

ఆరోజు బడిలో లేచి నిలబడి, బోర్డు కనిపించడం లేదన్నాను. పిల్లలు నవ్వారు. పంతులమ్మ మాత్రం రాసేదంతా పైకి చదవడం మొదలుపెట్టారు. సాయంత్రం ఇంట్లోనూ చెప్పాను. మర్నాడు నాన్న నా సంచీ తనే పట్టుకుని బడిదాకా వచ్చారు.

కొన్నాళ్ళకు పని ముగిసి అక్కావాళ్ళు వెళ్ళిపోయారు. ఆటలకు పిలిచేవాళ్ళు లేక నేను మళ్ళీ అరుగు మీదికే చేరాను.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. అట్టకు వరసగా దారాలు కట్టి, వాటిని తడుముకుంటూ మందపాటి కలంతో ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. తేదీ కింద మొదటి మాట ఎప్పుడూ ఆరోజు నాకు కనిపించనిదే. చూడకుండానే బాగుందనడం ఆ ఉదయంతో మానేశాను.

ఈరోజు రాసుకున్నది ఇది: "ఎదురింటి వాకిట్లో ముగ్గు ఉందో లేదో తెలియలేదు. మెట్లు దిగి వెళ్ళి అడిగాను. వేయలేదట."