నోట్లో థర్మామీటరు

అత్తయ్యకు షుగర్ ఇంజక్షన్ చేయడానికి దూదికి స్పిరిట్ అద్దినప్పుడల్లా పటమటలో డాక్టర్ మార్తమ్మగారి గది గుర్తొస్తుంది. ఒక బల్ల, ఒక బీపీ మిషను, గ్లాసులో నిలబెట్టిన గాజు థర్మామీటర్లు. జలుబుకీ కాళ్ల నొప్పులకీ వెళ్లే మామూలు డాక్టరమ్మ. ఆవిడే లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను మిగిలేదాన్ని కాదు.

అప్పటికి మా బాబు ఇంకా చంటివాడు. నాకు నిద్ర లేదు, ఆకలి లేదు. వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నా గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. నీరసం అనుకుని, సెలైన్ పెట్టిద్దామని అత్తయ్య నన్ను తీసుకెళ్లారు. డాక్టరమ్మ అడిగేది నన్ను, జవాబు అత్తయ్యది.

"నిద్ర పడుతోందా రాజీ?"

"ఎక్కడండీ డాక్టర్‌గారూ, పిల్లాడు పడుకోనిస్తేగా! తిండి తినదు, ఒంట్లో రక్తం లేదు. ఒక సెలైన్ ఎక్కించెయ్యండి."

మార్తమ్మగారు అత్తయ్య వైపు మహా దిగులుగా చూశారు. "మీ మొహమేంటండీ అలా పీక్కుపోయింది? ఏదీ, జ్వరం చూద్దాం" అని థర్మామీటరు ఆవిడ నాలుక కింద పెట్టేశారు. "నేను తీసేదాకా పెదవులు విప్పకండి. గాజుది, పగిలిందంటే ప్రమాదం." ఇంకేముంది! అత్తయ్య కళ్లు పెద్దవి చేసుకుని బొమ్మలా కూర్చుండిపోయారు. వెంట వచ్చి వాగే అత్తలకూ మొగుళ్లకూ అక్కడ అదే వైద్యమని తరవాత తెలిసి ఎంత నవ్వుకున్నానో.

"ఇప్పుడు నువ్వు చెప్పమ్మా."

"ఏం లేదండీ, నీరసం."

ఆవిడ తొందరపెట్టలేదు. కాసేపటికి, ఆకలేస్తోందా అన్నంత మామూలుగా అడిగారు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

"రోజూ అనిపిస్తోందండీ" అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు.

అత్తయ్య థర్మామీటరు లాగేసి, "మా కోడలికి పిచ్చంటారా?" అన్నారు.

"మీరు బీపీకి బిళ్ల వేసుకుంటారుగా? ఇదీ అంతే. కాన్పయ్యాక వస్తుంది, వైద్యం చేస్తే తగ్గుతుంది. రాత్రుళ్లు పిల్లాణ్ణి మీరు చూసుకుని రాజీని పడుకోనివ్వండి. ఒంటరిగా మాత్రం వదలకండి."

సెలైన్ పెట్టలేదు. పాలిచ్చే తల్లికి పడే బిళ్ల రాసి, వారం వారం రమ్మన్నారు. బిళ్ల చేతికిచ్చింది, నేను మింగేదాకా ఎదురుగా నిలబడింది అత్తయ్యే. ఒకరోజు ఉలవచారు అన్నం తింటూ "ఇంకొంచెం వెయ్యండి" అన్నాను. ఆవిడ గరిటె పట్టుకునే ఏడ్చేశారు. ఆ మాట చెబితే మార్తమ్మగారు మురిసిపోయి, "తగ్గిందని నీ అంతట నువ్వు బిళ్ల మానేశావో, చెవి మెలేస్తాను" అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ గది ఫోన్ల షాపయింది.

మామయ్య పోయిన దగ్గర్నుంచి అత్తయ్య కంచం ముందు కూర్చుని ఊరికే లేచిపోతున్నారు. మొన్న "ఎలా ఉందత్తయ్యా?" అంటే మా ఆయన అందుకున్నారు. "గ్యాసే రాజీ. కాసేపు టీవీ పెట్టు, అదే సర్దుకుంటుంది."

నేను లేచి, డ్రాయరులోని పాత గాజు థర్మామీటరు కడిగి తెచ్చి ఆయన నోట్లో పెట్టాను. "నేను తీసేదాకా పెదవులు విప్పకండి."

అత్తయ్య ఫక్కున నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! పక్కన కూర్చుని, మార్తమ్మగారంత మామూలుగా, నాకు చేతనైనంతలో, ఆ ప్రశ్నే అడిగాను.

"రోజూ అనిపిస్తోందే అమ్మాయ్" అన్నారు.

"చీర మార్చుకోండి, డాక్టరు దగ్గరికి వెళదాం" అని చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన కళ్లనిండా నీళ్లు. థర్మామీటరు మాత్రం తీయలేదు.