కాటా గదిలో ముందుగా పెట్టిన మిషన్

నాకు కోపం తొందరగా వస్తుంది. దానివల్ల చెడిన పనులు చాలా ఉన్నాయి గానీ, ఎనభైల చివర్లో ఒక్కసారి మాత్రం అది నాకు మేలే చేసింది.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో ప్రోగ్రాములు రాసేదాన్ని. అంతకు ముందు టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పని. చిత్తూరు వైపు ఒక చక్కెర మిల్లుకు చెరకు బండ్ల తూకాలు ఎక్కించే ప్రోగ్రాం చేసిస్తామని మా ఓనరు మాటిచ్చాడు. మిల్లులో క్రషింగు అప్పటికే మొదలైంది. మా ప్రోగ్రాం సగమే అయింది. నెల రోజుల్లో అంతా ఫ్లాపీల్లో పెట్టి ఇవ్వాలి.

సర్వర్ అనే మాట మాకింకా అలవాటు లేదు, పెద్ద మిషన్ అనేవాళ్ళం. ఆఫీసులో పాతది ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని ఇప్పుడే మిల్లులో బండ్లు తూచే కాటా గదిలో పెట్టి, అయినంతవరకు ప్రోగ్రాంని అసలు బండ్ల మీద నడిపి చూద్దామన్నాను.

ఓనరు నవ్వాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుండాదమ్మా నీ కథ. ప్రోగ్రామే కాలేదు, దానికి పరీక్ష మిషనా? ఈడ కూర్చొని చూసుకుంటే చాలదా?"

నాకు ఒళ్ళు మండింది. "ఈడ మనం కాయితాల మీద బండ్లు తోలతా ఉండాము సార్. ఆడ నిజం ఎద్దులుండాయి."

మాట మీద మాట పెరిగింది. చివరికి ఆయన, "సరే, పో. వారంలో ఏమీ తేలకపోతే మళ్ళా టైపు మిషన్ ముందర కూర్చుందువు గానీ" అన్నాడు. ఆయన ఉత్తుత్తిగా అనే మనిషి కాదు. పంతం కొద్దీ సరేనన్నాను.

మిషన్‌ని జీపులో పరుపు మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాం. కాటా గుమాస్తా పెద్దాయన తన బల్ల సగం ఖాళీ చేసిచ్చాడు. "నా పాటికి నేను రాసుకుంటా, నీ పాటికి నువ్వు కొట్టుకో తల్లీ" అన్నాడు.

మొదటి బండి కాటా ఎక్కింది. చెరకుతో సహా తూకం ఎక్కించాను. బండి మిల్లు లోపలికి పోయింది. రెండో బండి వస్తే మిషన్ తీసుకోలేదు. నిండు తూకంలోంచి తీసెయ్యడానికి మొదటి బండి ఖాళీ తూకం చెప్పమని అడుగుతూ అక్కడే ఆగిపోయింది. మేం రాసిన పద్ధతే అది. నిండు బండి, వెంటనే అదే బండి ఖాళీగా, ఆ తర్వాతే ఇంకొకటి.

"ఆ బండి ఎప్పుడు తిరిగొస్తుందయ్యా?" అని అడిగాను.

పెద్దాయన జాలిగా చూశాడు. "యాడొస్తాదమ్మా ఇప్పుడు? చెరుకు దించల్ల. ఎద్దుల్ని ఇప్పి నీళ్ళు పెట్టల్ల. తోలేటోడు సద్ది తినల్ల. సూడు ఆ లైను! అన్నీ నిండుగా లోపలికి పోతాయి, ఎప్పుడో ఒగోటి బయటికొస్తాది. ముందు పోయింది ముందే రావల్లని యాడుండాది?"

ఏడవాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. తప్పు దొరికింది! తిరుపతిలో ఏడాది కూర్చున్నా ఆ సద్దిమూట సంగతి మాకు తెలిసేది కాదు.

మిల్లు ఫోన్ నుంచి ఓనరుకు చెప్పాను. మరునాడు ఆయనే వచ్చి కాటా పక్కన గంటసేపు ఎండలో నిలబడ్డాడు. "దీన్ని అట్లే ఫ్లాపీల్లో పెట్టిచ్చింటే బండ్లోళ్ళు మనల్ని తరిమింటారు" అన్నాడు.

ఆ వారమంతా అక్కడే కూర్చుని తిరగరాశాను. లోపలికి పోయే ప్రతి బండికీ ఒక నంబరు చీటీ. ఏది ఎప్పుడు తిరిగొచ్చినా ఆ నంబరు కొడితే చాలు, దాని నిండు తూకం తెరమీదికి వస్తుంది. సాయంత్రం పెద్దాయన తన పుస్తకంతో సరిచూసేవాడు. మూడో రోజుకి ఒక్క తేడా లేదు.

నెల తిరిగేసరికి ఫ్లాపీలు సిద్ధమయ్యాయి. మిల్లువాళ్ళ కొత్త మిషన్‌లో ఎక్కించి నేను పక్కకు తప్పుకున్నాను. పెద్దాయనే ఒంటి వేలితో కొట్టాడు. లైను ఒక్కసారి కూడా ఆగలేదు. పొద్దు వాలేసరికి లోపల ఒక్క బండీ మిగల్లేదని తెర చూపించింది. మిల్లు మేనేజరు మెచ్చుకుంటే ఓనరు నన్ను ముందుకు పిలిచి, "నాకు కాదు సార్, ఈయమ్మకు చెప్పండి. నేను వద్దనే అన్నాను" అన్నాడు.

తిరుపతి బస్సులో నాకు నవ్వు ఆగలేదు. పక్క సీటులో టమాటా గంపతో కూర్చున్న ఆమె కాసేపు చూసి, "ఏం పాపా, పెండ్లి కుదిరిందా?" అంది.

"లేదక్కా. నేను చెప్పిందే నిజమైంది."

"మొగోళ్ళు ఒప్పుకున్నారా?"

"నలుగురి ముందర ఒప్పుకున్నారు."

"అట్లయితే బాగా నవ్వుకో" అని లేచి, కిటికీ పక్క సీటు నాకిచ్చింది.