ఘన్‌పూర్ గోడ మీద ఏసుదాసు గుర్రం

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక వర్తక సంఘం వారు తమ కొత్త సభా భవనం గురించి చిన్న పుస్తకం అచ్చు వేశారు. వేదిక వెనక గోడ మీది గుర్రం "నగరం నుంచి విచ్చేసిన ప్రముఖ చిత్రకారుని కుంచె నుంచి జాలువారింది" అని అందులో ఉంది. నేను ఏడో తరగతితో బడి మానేసి, మిగిలిన చదువంతా గ్రంథాలయం బల్లల దగ్గర పూర్తి చేసినవాణ్ని. అచ్చయిన అబద్ధం ఎంతకాలం బతుకుతుందో నాకు తెలుసు. ఆ బొమ్మ వేసినవాడు పరకాల వాసి గడ్డం ఏసుదాసు. అది పూర్తయిన రోజు నేను పక్కనే ఉన్నాను. అందుకే ఈ ప్రయాణం రాసి పెడుతున్నాను.

నయా పైసలు ఇంకా కొత్తగా ఉన్న రోజులు. ఏసుదాసు పరకాలలో తొలి బస్సెక్కి ఏడింటికి వరంగల్ స్టేషన్ దగ్గర దిగాడు. నేను మట్టెవాడ నుంచి నడిచి వెళ్లాను. ఏడూ నలభైకి రావలసిన ప్యాసింజరు ఎనిమిదిన్నరకు వచ్చింది. వెళ్లదలచినవారు తొందరపడకుండా బయట పూరీలు తినవచ్చు. మూడో తరగతి పెట్టెలో కోళ్ల గంపతో శాంతమ్మ అనే ఆమె మాకు జరిగి చోటిచ్చింది. జనగామలో కూతురి దగ్గరికి పోతోందట.

"అన్నా, ఆ డబ్బాలేంది?" అని అడిగింది.

"రంగులు. గుర్రాల బొమ్మలేస్త."

"గుర్రాలేనా? మనుషులనెందుకెయ్యవు?"

"మనుషులది బాగ లొల్లి అక్కా. ముక్కు నాది గాదు, రంగు నాది గాదు అంటరు. గుర్రం ఎన్నడన్న అన్నదా?"

నిజానికి అతనికి మనుషుల బొమ్మలు వేయడం రాదు. తండ్రి ఒక దొర గుర్రాలసాలలో పనివాడు. ఏసుదాసు అక్షరాలకన్నా ముందు ఆ గోడల మీద బొగ్గుతో గుర్రాలు నేర్చుకున్నాడు. దొర పట్నం వెళ్లిపోయాక గుర్రాలు వరంగల్ టాంగాలకు అమ్ముడయ్యాయి. వాటి వెనకే ఇతనూ వచ్చాడు. ప్రతి టాంగా వెనక పలక మీద దాన్ని లాగే గుర్రం బొమ్మ, కింద గుర్రం పేరు. బొమ్మ పూర్తయ్యాక గుర్రాన్ని విప్పి పలక ముందు నిలబెట్టేవారు. అది మెడ చాపితే పని ఒప్పుకున్నట్టు, మొహం తిప్పితే మళ్లీ వేయవలసిందే. ఏసుదాసు రాసిన పరీక్షలన్నీ అవే. ఇప్పుడు సైకిల్ రిక్షాలొచ్చాయి, వాటికి సినిమా తారలు కావాలి. మట్టల ఆదివారానికి గుడిలో ఏసు ఎక్కి వచ్చిన గాడిదను వేయమంటే రేసు గుర్రాన్ని వేశాడు. "గాడిద ఏదిరా?" అని ఫాదర్ అడిగితే, "చెవులు పెద్దగనే పెట్టిన గద ఫాదర్" అన్నాడట.

కాజీపేట దాటాక సన్న కుంచె ఒకటి తీసి చూపించాడు. "పేరు రాసుకునేటందుకు తెచ్చిన. ఇన్నేండ్లు గుర్రాల పేర్లే రాసిన. నా పేరు ఒక్క గోడ మీద లేదు."

పదింటికి ఘన్‌పూర్‌లో దిగాం. సంఘం అభివృద్ధికి గుర్తుగా ఏసుదాసు కొన్ని వారాలుగా వచ్చి వేస్తున్న పరుగు గుర్రం అప్పటికే దాదాపు పూర్తయింది, సాయంత్రం ఐదింటికి భవనం ప్రారంభోత్సవం. సంఘం అధ్యక్షుడు బియ్యం మిల్లు సేటు, కార్యదర్శి ఒక వకీలు. వారిద్దరికీ గుర్రంతో ఉన్న పరిచయం పెళ్లి ఊరేగింపు నాటిది.

"ఏమయ్యా, నీ గుర్రం ముందుగాల ఎడమ కాలేసిందేంది? కొత్త భవనంల ఎవడన్న ఎడమ కాలు పెడ్తడా? కుడిది పెట్టియ్యి" అన్నాడు సేటు.

"ఒక్క కాలు మారిస్తె గుర్రం మొత్తం మారాలె సేటూ. లేకుంటె బోర్ల పడ్తది."

"గోడ మీది గుర్రం ఎట్ల పడ్తదయ్యా?" అన్నాడు వకీలు.

పరుగులో నాలుగు కాళ్ల వరస గురించి నేను చదివిందంతా పావుగంట చెప్పాను. వకీలు ఆవులించాడు. "ఆ పుస్తకం రాసినోడు ఎన్నడన్న దుకాణం తెరిచిండా?" అన్నాడు సేటు.

ఏసుదాసు లేచాడు. "నా మాటొద్దు, పుస్తకం మాటొద్దు. ఒక గుర్రాన్ని తోలుకరాండ్రి. అది ఒప్పుకుంటె కింద నా పేరు రాస్త. ఒప్పుకోకుంటె నా పేరొద్దు."

వేడుక దొరికిందని సంఘం ఒప్పుకుంది. స్టేషన్ దగ్గరి టాంగా మల్లయ్య తన ముసలి గుర్రం చాందినిని విప్పి హాల్లోకి నడిపించాడు. అది గోడను చూసింది, చెవులు వెనక్కి వాల్చింది, తోక మావైపు తిప్పి నిలబడింది. సభ్యులు చప్పట్లు కొట్టారు.

ఏసుదాసు చాందిని నిలబడిన చోటే నిలబడి చాలాసేపు చూశాడు. "కాలు గాదు, చెవులు. నేను వాల్చి వేస్తె, అభివృద్ధికి భయపడ్డట్టున్నదని పోయిన వారం సేటే నిక్కవెట్టమన్నడు. గింతగనం ఉరికే గుర్రం చెవులు నిక్కవెట్టి ముచ్చట్లు వినదు."

సేటు మొహం ఎర్రబడింది. "మాట మాటే. పేరు లేదు."

"పేరొద్దు. రెండు గంటలియ్యుండ్రి, చెవులు మార్చుకుంట."

"పేరు కోసమే కదా వచ్చావు?" అన్నాను కోపంగా.

"ఆ చెవులుంచి పేరు రాసుకుంటె, ఇంకొకని బొమ్మ మీద రాసుకున్నట్టే గదన్నా."

సంఘం భోజనానికి వెళ్లింది. మమ్మల్ని పిలవలేదు. మల్లయ్య తెచ్చుకున్న జొన్నరొట్టె, మిరపతొక్కు ముగ్గురం పంచుకున్నాం. మూడింటికి మల్లయ్య ఎవరూ అడగకుండానే చాందినిని మళ్లీ తెచ్చాడు. అది మెడ చాపి, తడి రంగు దగ్గర ముక్కుపుటాలు విప్పి ఊపిరి వదిలింది. చూడటానికి సంఘం వారు ఎవరూ లేరు.

నాలుగింటికి సేటు వచ్చాడు. కాలు మార్చే వ్యవధి లేక కాలు బతికిపోయింది. గుర్రం కింద దాతగా తన పేరు రాయమన్నాడు. బిరుదులతో సహా ఏసుదాసు అదే సన్న కుంచెతో ముత్యాల్లా రాశాడు. సేటు తృప్తిగా వెళ్లిపోయాక మల్లయ్య కూడబలుక్కుని చదివాడు.

"గుర్రం పేరు జర పొడుగైందే అన్నా. పిలిచేసరికి ఊరు దాటిపోతది."

ఏసుదాసు తల ఎత్తకుండా కుంచె కడుక్కున్నాడు. భుజాలు మాత్రం నవ్వుతో కదులుతున్నాయి.

ఆరున్నర బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. కాజీపేట వచ్చేలోపు అతను మూడుసార్లు అన్న మాట ఒకటే: "మెడ చాపింది, చూసినవా?" పేరు ఊసు ఎత్తలేదు. ఆ బాధ నేనే వరంగల్ దాకా మోసుకొచ్చాను.

చోటిచ్చిన శాంతమ్మకు, రొట్టె పంచిన మల్లయ్యకు, గుర్రాల పుస్తకం వెతికిచ్చిన గ్రంథాలయం సాంబయ్యకు కృతజ్ఞతలు. సేటు గారికి కూడా. వారి పేరు గుర్రం కింద ఉంది, వెళ్లి చదువుకోవచ్చు. చివరగా చాందినికి. ఆ రోజు ఆ హాలుకు చాలామంది పెద్దలు వచ్చారు. బొమ్మను చూసింది మాత్రం అదొక్కటే.