సగం కాగిన తేనె

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కావు, చేతిలో ఫోనున్న ప్రతివాడూ తనను తాను వంటవాడే అనుకునే రోజుల్లో, నాకు దేవుడి మీద కన్నా వీడియోల మీద నమ్మకం ఎక్కువ. నారాయణఖేడ్‌లో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కొత్తగా పనికి కుదిరాను. మా మేనమామ కూతురు జార్జియా దేశంలో డాక్టరు చదువుతూ సెలవులకు ఇంటికొచ్చింది. చిన్నప్పటి నుంచి మనసులో దాచుకున్న మాట ఈసారన్నా చెప్పకపోతే మామ వేరే సంబంధం చూసేస్తాడు. ఉత్త చేతుల్తో ఎట్లా చెప్పడం? అక్కడివాళ్ళు తేనెను పాకం పట్టి, అక్రోట్లు కలిపి, బిళ్ళలు కోసి పండక్కి చేసుకునే గోజినాకీ అనే మిఠాయి ఉందట. అది నా చేత్తో చేసి పెడితే పిల్ల కరిగిపోదా అని నా లెక్క. (అప్పటికి నాకు పాలు పొంగకుండా కాచడం కూడా రాదు.)

కడాయిలో తేనె పొయ్యగానే అమ్మ ఉరికొచ్చింది. "ఏందిరా, తేనె కాగవెడుతున్నవా? కాగిన తేనె విషమైతదని ఎరుక లేదా నీకు?" "గా దేశపోళ్ళందరు తింటుర్రు గదనే, సచ్చిర్రా?" అన్నాను. "గాళ్ళది సలి దేశం. మనకు పడది. డాక్టర్ పిల్లకు విషం వెట్టి జైలుకు పోతవా?" చివరికి రాజీ కుదిరింది. తేనె కాగుతుంది, కానీ సగమే. నురగ లేవగానే "ఇగ చాలు, గింతదాంక అయితే సగం విషమే" అని అమ్మే కడాయి లాగేసింది. అక్రోట్లు కలిపి తడి పీట మీద పరిచాను. అది గట్టిపడనంటే పడనని మొండికేసింది. చాకు పెడితే చాకును, చెయ్యి పెడితే చేతిని పట్టుకుంది. పళ్ళెంలోకి రానంది కాబట్టి సాయంత్రం మరదలు వచ్చినప్పుడు పీటే తెచ్చి ముందు పెట్టాను.

"అరే, గోజినాకీ!" అని ఆమె చెయ్యి చాచిందో లేదో అమ్మ అడ్డం పడింది. "ఆగు బిడ్డా, మొదలు వీన్ని తిననియ్యి. వీనికేం గాకపోతే నువ్వు తిందువు." కన్నతల్లి అన్న మాట ఇది! పౌరుషమొచ్చి పెద్ద ముక్క పీకి నోట్లో వేసుకుని గట్టిగా కొరికాను. అంతే, పై పళ్ళూ కింది పళ్ళూ ఏకమయ్యాయి. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారని అమ్మ బయటికి పోయింది. మరదలు దగ్గరికి జరిగి, "బావా, ఏదో చెప్పాల్నని ఫోన్ల అన్నవు గద, ఏంది?" అంది.

"మ్" అన్నాను.

"నువ్వు చెప్పవు గని, నేనే చెప్త. మా క్లాసుల ఒకాయన ఉన్నడు. నాయినకు చెప్పాల్నంటే భయమైతుంది. నువ్వు మాట్లాడుతవా బావా?" నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. (దవడ నొప్పి వల్లనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.) నాకు చేతనయింది తల ఊపడం ఒక్కటే. ఊపాను. "నువ్వు బంగారం బావా" అంది.

అతుక్కున్న పళ్ళు విడేసరికి నేను పెళ్ళిపెద్దనైపోయాను. మామను ఒప్పించిందీ నేనే, పెళ్ళిలో విస్తళ్ళ ముందు బకెట్ పట్టుకుని వడ్డించిందీ నేనే. చాలా బాధపడ్డాను, అబద్ధమెందుకు. ఆ తేనెను పూర్తిగా కాగనిచ్చి ఉంటే నా కథ ఇంకోలా ఉండేదని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ ఆ పీట ముందు కూర్చున్న కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, నాకంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. నోరు నిక్షేపంలా ఉన్నా సరే, ఆమె అట్లా దగ్గరికి జరిగి అడిగితే వాడి నోట వచ్చేది ఒక్కటే మాట: "ఏం లేదు గని, చాయ్ తాగుతవా?"