సీతారామపురం బస్సులో నా గొంతు

డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో కంప్యూటరులో నాకు తెలియనిదేమీ లేదన్నంత ధీమాగా తిరిగేదాన్ని. ఉదయగిరి నుంచి సీతారామపురం వెళ్లే మా మేనమామ బస్సులో ఆ ధీమా ఒక్క పూటలో దిగిపోయింది. స్టాపుల పేర్లు చెప్పే పెట్టె చేసిస్తే ఆత్మకూరులో తన స్నేహితుడి దగ్గర ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు మామ. అది సరిగ్గా పలకకపోతే మాత్రం ఇక ఇంట్లో కంప్యూటరు మాట ఎత్తకూడదు.

పెట్టెలో గొంతు నాదే. కండక్టరు ఏ నంబరు నొక్కితే ఆ ఊరి పేరు చెప్పాలి. చివరి నంబరుకు "సీతారామపురం, అందరూ దిగండి" అనాలి. ఇలా దారులు విడగొట్టడానికి ప్రోగ్రాములో స్విచ్-కేస్ అని ఒకటుంటుంది. ఒక్కో ఊరి కిందా 'ఇక్కడితో చాలు, బయటికి రా' అని రాయాలి, లేకపోతే కింద ఉన్నవన్నీ చదువుకుంటూ పోతుంది. నేను రాయలేదు. (పరీక్షలో ఆ ప్రశ్నకు నిండు మార్కులు!) పైగా ఇంట్లో చివరి నంబరొక్కటే నొక్కి చూసి, బ్రహ్మాండం అనుకున్నాను.

మొదటి స్టాపులో బస్సు ఆగగానే కండక్టరు ఒకటి నొక్కాడు. నా గొంతు మొదటి ఊరు చెప్పి ఊరుకోక, దారిలోని ఊళ్లన్నీ ఏకరువు పెట్టి, "సీతారామపురం, అందరూ దిగండి" అంది. కునికిపాట్లు పడుతున్న జనం ఉలిక్కిపడి లేచి, మూటలూ కోళ్లూ పట్టుకుని దిగేశారు. చూస్తే ఎదురుగా కందిచేను!

"ఏందప్పా, అప్పుడే వచ్చేసినామా?"

"ఎవురా ఆ పిల్ల? బస్సు కంటే ముందు పోతా ఉండాది!"

వెనక సీట్లో నేను చున్నీలో మొహం దాచుకున్నాను. కండక్టరు అందరినీ బతిమాలి ఎక్కించాడు. మామ డ్రైవరు పక్క నుంచి లేచొచ్చి, "చాల్లే మే, నువ్వూ నీ కంప్యూటరూ!" అంటూ వైర్లు పట్టుకున్నాడు. నా ఉద్యోగం అక్కడే పోయిందనుకున్నాను.

ముందు సీట్లోని ఒక అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "పీకబాక నాయనా. నాకు చూపానదు. ఏ ఊరొచ్చిందని పక్కోళ్లని అడగతానే ఉంటా, విసుక్కుంటారు. ఇది అడక్కుండానే చెప్పినాది, కసురుకోలా. ఆ పాప చేత బాగు చేయించు."

మామ వైర్లు వదిలాడు. బస్సు అక్కడే ఆపించాడు. నేను ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఒక్కో ఊరి కిందా 'బయటికి రా' అన్న ఆ ఒక్క మాటా చేర్చాను. తర్వాతి స్టాపు దగ్గర పెట్టె ఒక్క ఊరి పేరే చెప్పి ఊరుకుంది. ఆ తర్వాత అవ్వ ఊరొచ్చింది. పేరు వినగానే ఎవరినీ అడగకుండా లేచి, "చల్లంగుండు తల్లా, ఎవురిదోగాని మంచి గొంతు" అనుకుంటూ దిగిపోయింది.

ఆత్మకూరు ఉద్యోగం వచ్చింది, దాని వెనక ఇంకా చాలా వచ్చాయి. అన్ని ఊళ్లూ గడగడా అప్పజెప్పిన ఆ పిల్లకు, 'ఆ గొంతు నాదే అవ్వా, నీ రుణం తీర్చుకోలేను' అని చెప్పడానికి మాత్రం ఆ రోజు నోరు పెగల్లేదు.