రాతి బొరియలో ఎర్రచేప

డెబ్బయ్యో దశకంలో మా వారి ఉద్యోగం కోసం విశాఖపట్నం నుంచి కూకట్‌పల్లికి వచ్చాం. విశాఖలో సముద్రపు రాళ్లలో దొరికిన వేలెడంత ఎర్రచేపను ఆయన వదల్లేక, క్యానుల్లో ఉప్పునీళ్లతో సహా రైల్లో తెచ్చుకున్నారు. పెద్ద కళ్ల ఆ చేప పగలంతా అద్దాల తొట్టిలో పెట్టిన రాతి బొరియలో దాక్కుని, చీకటి పడ్డాకే తిరిగేది.

ఒక మధ్యాహ్నం ఆ తొట్టి మూల లప్పం ఊడి నీళ్లు కారిపోవడం మొదలైంది. ఆయన ఆఫీసులో ఉన్నారు. సముద్రపు నీళ్లు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? కారేచోట గిన్నె పెట్టి, పక్కింటావిడను కేకేశాను.

"ఏందమ్మా, గంత పరేషాన్ అయితున్నవ్?" అంటూ వచ్చిన ఆవిడ, సంగతి చూసి, కడిగిన ఊరగాయ జాడీ పట్టుకొచ్చింది. గిన్నెలో పడ్డ నీళ్లన్నీ అందులో పోశాం. చేప మాత్రం బయటికి రాలేదు.

"రాయి లేపుదమా?"

"వద్దండీ, నలిగిపోతుంది. చీకటి చేస్తే వస్తుందేమో."

కిటికీలు మూసి, వాటి మీద గొంగడి కట్టాం. తొట్టిలో నీళ్లు బెత్తెడు లోతుకు దిగాయి. బొరియ అంచున ఏదో కదిలింది.

"జర ఆగు," అని ఆవిడ గుసగుసలాడింది.

చేప పూర్తిగా బయటికొచ్చేదాకా ఊపిరి బిగబట్టి, వెనక నుంచి గిన్నె ముంచి ఎత్తాను.

సాయంత్రం ఆయన ఖాళీ తొట్టి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. జాడీ మూత కొంచెం జరిపి చూపించాను. సంగతంతా విని, పక్కింటికి వెళ్లి ఆవిడకు చేతులు జోడించారు.

"గింత చేపకు గంత దండమా, సారూ?" అని ఆవిడ నవ్వింది.