బేస్‌మెంటు ప్రతినిధి

సిలాసు అంకుల్ ఏ సమావేశానికీ తన తరఫున రారు.

ఇంటర్నెట్‌ను ఎవరు, ఎలా నడపాలో చర్చించే సమావేశాలు మా సంస్థ ఢిల్లీలో పెడుతుంది. వచ్చేవాళ్ల బ్యాడ్జీలు అచ్చువేయడం నా పని. ఫారంలో "మీరు ఎవరి ప్రతినిధి?" అని ఒక గడి ఉంటుంది. అందరూ కంపెనీ పేరో, శాఖ పేరో రాస్తారు. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి రిటైరై, ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఉంటున్న సిలాసు అంకుల్ ఒకసారి "మా గేటు ముందు ఇస్త్రీ చేసే దంపతులు" అని రాశారు. ఇంకోసారి "సిగ్నల్ అందని మా రెండో బేస్‌మెంటు" అని. అచ్చువేశాను.

ఆ బ్యాడ్జీ చూసి ఒక విదేశీ నిపుణుడు బేస్‌మెంటు అభిప్రాయం ఏమిటని అడిగాడు.

"రెండేళ్లుగా మౌనంగా ఉంది సర్. దాన్ని అంగీకారం అనుకోకండి" అన్నారు అంకుల్.

నిపుణుడు రాసుకున్నాడు.

ఒక్కసారైనా సొంత పేరు రాయమని మా డైరెక్టర్ జనార్దనరావు గారు బతిమాలారు. తన ఫోను బాగానే పనిచేస్తోందని, తన గురించి చెప్పడానికేమీ లేదని జవాబొచ్చింది.

పోయిన నెల మా సంస్థ సలహా సంఘంలో మామూలు వినియోగదారులకు ఒక సీటు పెట్టారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. శుక్రవారం సాయంత్రం అయిదింటి వరకే గడువు. లోపల కూర్చోబెడితే బయట ఇబ్బంది పెట్టరని అందరం అంకుల్ పేరే అనుకున్నాం. ఆయన ఆ శుక్రవారం నాలుగింటికి వచ్చారు, అనుగ్రహను వెంటబెట్టుకుని.

అనుగ్రహకు చూపు లేదు. జియా సరాయ్‌లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతోంది. తెర మీద ఉన్నదంతా ఆమె ఫోను చదివి వినిపిస్తుంది. మా దరఖాస్తు చివర మాత్రం ఒక బొమ్మ ఉంది. ట్రాఫిక్ లైట్లున్న గళ్లు నొక్కి, మీరు మనిషేనని నిరూపించుకోవాలి. అక్కడ ఫోను నోరు మూసుకుంటుంది.

"నాలుగు రోజుల నుంచి నేను మనిషిని కాదంటోంది మీ ఫారం" అంది తాపీగా.

ఆ బొమ్మ వరకు మీరే నొక్కేయొచ్చు కదా అన్నాను అంకుల్‌తో.

"నొక్కితే నేను మనిషినని తేలుతుంది బేటా. అది మా ఇంట్లో ఎప్పుడో ఒప్పుకున్నారు."

"సీటు మీకే అనుకున్నాం కదండీ" అన్నారు డైరెక్టర్ గారు.

"తెలుసు. అందుకే దరఖాస్తు పెట్టలేదు."

బొమ్మ తీసేయడానికి నలభై నిమిషాలు పట్టింది. అనుగ్రహ మళ్లీ మొదటి నుంచి తనే నింపింది. ఎవరి ప్రతినిధి అన్నచోట ఆమె రాసింది ఫోను గదంతటికీ వినిపించింది: "నాకు నేనే."

అయిదింటికి మాకందిన దరఖాస్తు అదొక్కటే.

అంకుల్ వచ్చే సమావేశం ఫారం అడిగి తీసుకుని, నిలబడే నింపి నాకిచ్చారు. గడిలో "జనార్దనరావు గారు" అని ఉంది.

"ఆయన ఎలాగూ ఇక్కడే ఉంటారు కదా అంకుల్?"

"ఉంటారు. కానీ ఎప్పుడు చూసినా సంస్థ తరఫునే మాట్లాడతారు, పాపం."